నేను మార్చిన పేరు

ముందు ఒక సంగతి చెప్పేయాలి. లేకపోతే మిగతాదంతా సగం అబద్ధమవుతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా నా గుండె మీద ఉన్న బరువు దుఃఖం కాదు. ఒక సంతోషం. నా జీవితంలో అంత ఉత్సాహంగా గడిచిన రోజు ఇంకొకటి లేదు. పెళ్లినాడు అట్లా లేను. కొడుకు పుట్టిననాడూ లేను. ఆ ఒక్క రోజు ఉన్నాను. ఆ రోజే నేను ఒక మనిషిని చావుకు పంపాను.

మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు, అందుకని. ఎదురుగా తెలిసిన మొహం ఉంటే నా నోరు మళ్లీ ఏం చేస్తుందో నాకే నమ్మకం లేదు. అందుకే కాగితం. కింద నా పేరు పెట్టను. మా పల్లెలో ఇది చదివిన వాళ్లకు పేరు అక్కర్లేదు, మిగతావాళ్లకు పేరుతో పని లేదు.

మాది పెద్దారవీడుకు పడమర, నల్లమల కొండలు లేచే చోట ఒక చిన్న పల్లె. అప్పుడు మద్రాసు సర్కారు, కర్నూలు జిల్లా. జర్మనీ యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. రెండేళ్లుగా వానలు లేవు. కింద పొలాల్లో గడ్డిపోచ లేదు. పైన అడవిలో గడ్డి ఉంది గాని, అక్కడ సర్కారు హద్దు రాళ్లు పాతింది. గొర్రె ఆ రాయి దాటితే తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవాళ్లు. తప్పు మేసిన పశువులను కట్టడి చేసే రాతిగోడల దొడ్డి అది, ఊరి చివర ఉండేది. ఒకసారి మూడు మందలను ఒకే రోజు తోలారు. నీళ్లు లేక గొర్రెలు అరుస్తుంటే ఊరంతా వినలేకపోయింది. మధ్యాహ్నానికల్లా కాశయ్య మామ గొడ్డలి తీసుకుని దొడ్డి తలుపు పగలగొట్టాడు. అడ్డం వచ్చిన ఫారెస్టు గార్డు చెయ్యి విరిగింది. కాశయ్య మామా, ఇంకో ఏడెనిమిది మందీ రెండు నాటు తుపాకులతో కొండెక్కారు.

మొదట రిజర్వు పోలీసులు వచ్చి, వెతికి, తిరిగిపోయారు. తర్వాత పటాలం వచ్చింది. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలు దిగి, వరసలు కట్టి నడిచి వచ్చారు. ఎండిపోయిన జొన్నచేలో డేరాలు వేశారు. వాళ్లకు పెద్ద ఒక కెప్టెన్ దొర. యుద్ధంలో ఒక చెవి సగం పోయిన మనిషి. అతని పక్కన తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ వచ్చిన జమాదారు. ఇంకా వాళ్లతో పటాలు గీసే చిన్నదొర ఒకడు, ఇరవై రెండేళ్లకు మించి ఉండవు. మూడు కాళ్ల మీద నిలబెట్టే కొలత పరికరం ఒకటి పట్టుకుని కొండ అంచుల్లో తిరిగేవాడు. మూడో రోజు కాశయ్య మామ వాళ్లు ఆ చిన్నదొరను పరికరంతో సహా పట్టుకుని పైకి తీసుకుపోయారు.

ఆ సాయంత్రమే కెప్టెన్ ఊళ్లో పదిమందిని తాకట్టుగా తీసుకున్నాడు. ఇంటికో మగమనిషి. వాళ్లు చేసిన నేరమేమీ లేదు. తలుపు పగలగొట్టినవాళ్లు కొండ మీద ఉన్నారు, వీళ్లు ఇళ్లలో ఉన్నారు. ఇళ్లలో ఉండడమే నేరమైంది. బందెలదొడ్డికి కొత్త తలుపు పెట్టించి, ఆ పదిమందినీ అందులోనే పెట్టారు. మా ఇంటి వంతు నాది. ఆ వేళకు నేను గొర్రెలతో బయట ఉన్నాను. తమ్ముడు నారాయణ ఇంట్లో ఉన్నాడు. వాణ్ణి పట్టుకుపోయారు.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

"పెద్దోడు లేడని చిన్నోణ్ణి పట్టకపోయినారు" అంది. అంతే. అన్నం పెట్టింది. ఆ అన్నం నేను ఎట్లా తిన్నానో గుర్తు లేదు.

ఈ మాట నా తప్పును చిన్నది చేయడానికి చెబుతున్నానా? ఏమో. కావచ్చు. ఇన్నేళ్లుగా ఈ మాటనే అడ్డం పెట్టుకున్నాను గదా, అలవాటు పోదు.

మర్నాడు తాసిల్దారు మార్కాపురం నుంచి గుర్రం మీద వచ్చాడు. డేరా ముందు ఆయనకూ కెప్టెనుకూ గట్టిగా వాదన జరిగింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత జమాదారు చెప్పాడు. ఏ తప్పూ చేయనివాళ్లను దొడ్డిలో పెట్టడానికి చట్టం ఒప్పుకోదని తాసిల్దారు అన్నాడట. పైగా తిరగబడ్డవాళ్లతో మనిషికి మనిషి మార్పిడి చేయవద్దని మద్రాసు నుంచి ఖరాఖండిగా హుకుం ఉందట. ఒకసారి మార్పిడి చేస్తే నెలకో దొరను పట్టుకుంటారని. దానికి కెప్టెన్, హుకుం మద్రాసులో ఉంది, నా మనిషి కొండ మీద ఉన్నాడు, అన్నాడట. చివరికి ఇద్దరూ కలిసి ఒక దారి కనిపెట్టారు. దాన్ని మార్పిడి అనకూడదు. కొండ మీదవాళ్లు చిన్నదొరను వదలాలి. అప్పుడు కెప్టెన్ దయతలచి ముగ్గురిని వదులుతాడు. మిగతా ఏడుగురిని మూడు రోజుల్లో తుపాకులు దించితే వదులుతాడు. ఆ ముగ్గురు ఎవరో కొండ మీదవాళ్లే చెప్పాలి.

ఎందుకు వాళ్లే చెప్పాలి? ఈ ప్రశ్న అప్పుడు నాకు తోచలేదు. తర్వాత జమాదారే నవ్వుతూ చెప్పాడు. ఎవరి పేర్లు అడుగుతారో చూస్తే, కొండ మీదవాళ్లకు ఎవరు దగ్గరో తెలిసిపోతుందట. మనుషుల ప్రేమను కూడా కొలత పరికరంతో కొలవాలనుకున్నారు.

కబురు మోయడానికి ఒక మనిషి కావాలి. నన్ను పిలిచారు. అడవి తెలిసినవాణ్ణి. వీధిబడిలో నాలుగు అక్షరాలు నేర్చినవాణ్ణి. అన్నిటికంటే ముఖ్యం, తమ్ముడు దొడ్డిలో ఉన్నాడు కాబట్టి తిరిగొస్తాను.

నా చేతికి ఒక కర్ర ఇచ్చారు, దానికి తెల్లగుడ్డ కట్టారు.

ఇప్పుడు చెప్పాలి ఆ సంతోషం సంగతి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. గొర్రెల వెనక నడవడం తప్ప ఎవరి ముందూ నడిచినవాణ్ణి కాదు. ఆ పొద్దున నేను డేరాల మధ్యనుంచి నడుస్తుంటే సిపాయిలు తుపాకులు దించి దారి ఇచ్చారు. ఊరి జనమంతా రెండు వైపులా నిలబడి నన్నే చూస్తున్నారు. నాయనా జాగ్రత్త అంటున్నారు, మా అబ్బి పేరు కూడా చెప్పు అంటున్నారు, చేతులు పట్టుకుంటున్నారు. గుండె డప్పులా కొట్టుకుంటోంది. భయంతో కాదు! రెండు పక్కలా తుపాకులు, మధ్యలో నేను ఒక్కణ్ణి, నా నోట్లో అందరి బతుకులు. కాళ్లు నేల మీద ఆనడం లేదు. పరిగెత్తాలనిపించింది. పాడాలనిపించింది. తమ్ముడు దొడ్డిలో ఉన్నాడన్న మాట కూడా ఆ నాలుగడుగులు మరిచిపోయాను. ఇది నేను ఎవరితోనూ అనలేదు ఇన్నాళ్లూ.

ఊరి చివర సుబ్బమ్మ వదినె ఎదురొచ్చింది. వెంగయ్యన్న పెళ్లాం, చంకలో ఆడపిల్ల. వెంగయ్యన్న దొడ్డిలో ఉన్నాడు. పట్టుకునే రోజు సిపాయి తుపాకీ మడమతో ఎదురురొమ్ము మీద పొడిచాడు.

"మరిదీ, కాశయ్యకు చెప్పు. మా ఆయన నెత్తురు కక్కుతున్నాడని చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పు" అంది.

"చెబుతా వదినె" అన్నాను. చెప్పాను కూడా. నేనే చెప్పాను.

రెండు గుట్టలు ఎక్కి దిగాక, సీతాఫలం చెట్ల మధ్య కాశయ్య మామ వాళ్లు కనిపించారు. చిన్నదొర ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు కట్లు లేవు. ఎండకు మొహం కందిపోయింది. ఎవరో ఇచ్చిన కాల్చిన జొన్నకంకి నములుతున్నాడు. నన్ను, నా తెల్లగుడ్డను చూసి లేచి నిలబడ్డాడు. అతని కళ్లలో కనిపించిన ఆశ, దొడ్డిలో మావాళ్ల కళ్లలో ఉన్నదే.

కెప్టెన్ చెప్పిందంతా కాశయ్య మామకు చెప్పాను. నలభై ఏళ్ల మనిషి, పెద్ద మీసం, ఎప్పుడూ తొందరపడని మాట. చిన్నదొర వైపు చూసి, కొండ కింద పల్లె వైపు చూశాడు.

"పదిమందిలో ముగ్గురా. మనుషుల్ని ఏరమంటున్నాడు నన్ను" అన్నాడు. "దొడ్లో ఎవరెట్ల ఉండారో చెప్పు అల్లుడా."

చెప్పాను. గురప్ప తాతకు డెబ్బై దాటాయి, రాతిగోడ పక్కన ఎండకు పడి ఉన్నాడు. దూదేకుల ఖాసిం భార్యకు నెలలు నిండాయి, ఇంట్లో రెండో మనిషి లేదు. వెంగయ్యన్న నెత్తురు కక్కుతున్నాడు. వెంగయ్య మాట వినగానే కాశయ్య మామ కళ్లు మూసుకున్నాడు. వాళ్లిద్దరూ వరసకు బావాబావమరుదులు. చిన్నప్పటినుంచీ ఒక కంచంలో తిన్నవాళ్లు.

"ఒకటి వెంగయ్య" అన్నాడు. "రెండు గురప్ప పెద్దాయన. మూడు ఖాసిం. చెప్పు, మళ్లా చెప్పు."

"వెంగయ్య, గురప్ప, ఖాసిం."

"ఇంకోసారి."

ఇంకోసారి చెప్పాను. అప్పుడు అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మామా, మా నారాయణ?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ నొప్పి నాకు తెలవదా? నారాయణ వయసులో ఉండాడు, గట్టి ఒళ్లు. వారం ఓర్చుకుంటాడు, నెల ఓర్చుకుంటాడు. వెంగయ్యకు అంత గడువు లేదు. ఈ ముగ్గురు వచ్చినాక తుపాకులు దించేది కూడా చూస్తా. దొర మాట నిలబెట్టుకుంటే నేను కూడా నిలబెట్టుకుంటా. అందరూ వస్తారు. అర్థమయిందా?"

"అయింది మామా" అన్నాను.

నిజంగానే అర్థమైంది. అది న్యాయమని అప్పుడే తెలుసు. ఇప్పుడూ తెలుసు. ఆయన స్థానంలో నేను ఉన్నా అదే చెప్పేవాణ్ణి. ఆయన స్థానంలో ఉంటే.

కొండ దిగేటప్పుడు దాదాపు పరిగెత్తాను. అడుగుకో పేరు. వెంగయ్య, గురప్ప, ఖాసిం. వెంగయ్య, గురప్ప, ఖాసిం. ఎక్కడ మారింది? ఇన్నేళ్లలో నన్ను నేను ఎన్ని వేలసార్లు అడిగానో. మొదటి గుట్ట దగ్గర మారలేదు. రెండో గుట్ట దగ్గర మారలేదు. పల్లె కనిపించినప్పుడు కూడా మూడు పేర్లూ వరసగా ఉన్నాయి. ప్రమాణం చేసి చెప్పగలను. నా ప్రమాణానికి విలువేముంది గాని.

డేరా దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కెప్టెన్ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. ఒక గొర్రెలకాపరి కోసం దొర లేచి నిలబడ్డాడు! చిన్నదొర బతికే ఉన్నాడనీ, కాశయ్య ఒప్పుకున్నాడనీ చెప్పగానే జమాదారు మొహం వెలిగింది. నాకు మంచినీళ్లు తెప్పించారు. దొడ్డి అక్కడికి ఇరవై అడుగులు. గోడ మీదినుంచి తలలు కనిపిస్తున్నాయి. లెక్కపెట్టాను. ఎనిమిదే. తొమ్మిదోది గురప్ప తాతది, లేవలేక పడి ఉన్నాడు. పదో తల వెంగయ్యన్నది. ఆయన నిలబడలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నారాయణ నన్ను చూసి చెయ్యి పైకెత్తాడు. నవ్వాడు. అన్న వచ్చాడు, ఇక ఫరవాలేదు, అన్నట్టు నవ్వాడు.

"పేర్లు చెప్పు. ఒక్కొక్కటి, మెల్లగా" అన్నాడు జమాదారు.

"గురప్ప" అన్నాను.

చూశారా? వెంగయ్యతో మొదలుపెట్టలేదు. కాశయ్య మామ మొదట చెప్పిన పేరును దాటి రెండోదానితో మొదలుపెట్టాను. అంటే అప్పటికే నిర్ణయమైపోయింది. నాకు తెలియకుండా అయిందా? నాకు తెలియకుండా నాలో నిర్ణయం చేసింది ఇంకెవరు?

"ఖాసిం."

"మూడోది?"

ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది. అందులో ఆలోచించడానికి చోటుంది. అది మాత్రం దాచలేను. తొందరలో నోరు జారిందని చెప్పుకోవాలని ఎంతో ప్రయత్నించాను, కుదరలేదు.

"నారాయణ."

జమాదారు రాసుకోవడం ఆపి తలెత్తాడు. "నీ తమ్ముడు గదా వాడు? నీ తమ్ముణ్ణే అడిగినాడా?"

"అవును. కబురు మోసినందుకు నాకు బహుమానంగా" అన్నాను.

ఆ అబద్ధం అంత సులువుగా, అంత తొందరగా ఎక్కడినుంచి వచ్చింది? ముందే తయారుచేసి పెట్టుకున్నట్టు వచ్చింది. జమాదారు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. కెప్టెన్ పకపకా నవ్వి నా వీపు తట్టాడు. నేనూ నవ్వాను.

"పక్కానా?" అన్నాడు జమాదారు.

"పక్కా."

రెండుసార్లు అవకాశం ఇచ్చాడు ఆ మనిషి.

అతను దొడ్డి దగ్గరికి పోయి గట్టిగా చదివాడు. మీ కాశయ్య అడిగిన ముగ్గురు వీళ్లే, బయటికి రండి, అన్నాడు. గురప్ప తాతను ఇద్దరు లేవదీశారు. ఖాసిం ఏడ్చాడు. నారాయణ గోడ దూకబోతే సిపాయి ఆపి తలుపు తీశాడు. వెంగయ్యన్న మొహం నేను చూడలేదు. చూడకుండా ఉండడానికి డేరా అవతలి పక్కకు వెళ్లి నిలబడ్డాను.

ఎండ కొంచెం తగ్గాక, పొద్దున కాశయ్య మామతో అనుకున్న ప్రకారం వాగు దగ్గర మనుషులు మారారు. వాగు ఇసకే, మధ్యలో సన్నటి నీటిపాయ. ఇటు గట్టున పటాలం, వాళ్ల వెనక ఊరు ఊరంతా. అటు గట్టున చెట్లలో కాశయ్య మామ వాళ్లు. మధ్యలో తెల్లగుడ్డతో నేను. నేను కర్ర పైకెత్తితే రెండు పక్కలా నడక మొదలవ్వాలి. ఎత్తాను. అటునుంచి చిన్నదొర, ఇటునుంచి ముగ్గురు. ఇసకలో అడుగుల చప్పుడు వినబడుతోంది. నా పక్కనుంచి పోతూ చిన్నదొర నా చెయ్యి పట్టి ఊపాడు. ఖాసిం నీటిపాయ దాటగానే అటు గట్టు పట్టుకుని ఊరి చుట్టుదారిన ఇంటికి పరుగు తీశాడు. ఊరు ఒక్కసారిగా కేకలు వేసింది. ఎవరో డప్పు అందుకున్నారు. నా ఒళ్లంతా గగుర్పొడిచింది. ఇదంతా నేను చేశాను, నా చేతి మీదుగా జరిగింది, అనుకున్నాను.

అప్పుడు అటు గట్టునుంచి కాశయ్య మామ గొంతు వినిపించింది.

"వెంగయ్య యాడ? అల్లుడా! వెంగయ్య యాడరా?"

ఆయన చెట్లలోంచి బయటికి వచ్చేశాడు. తుపాకీ గురికి అందే చోట నిలబడి అడుగుతున్నాడు. ఇంకా సమయం ఉంది. నేనే మార్చాను మామా, అని ఉంటే? సిగ్గుతో చచ్చేవాణ్ణి. కాశయ్య మామ నన్ను కొట్టేవాడు. కాని తుపాకుల మాట అట్లాగే నిలబడి ఉండేది. మూడు రోజుల్లో వెంగయ్యన్న బయటికి వచ్చేవాడేమో.

"దొర ఇయ్యలేదు మామా!" అని అరిచాను. "పేరు మార్చినాడు!"

రెండు గట్లూ విన్నాయి.

కాశయ్య మామ ఇటు గట్టున ఉన్న కెప్టెన్ వైపు తిరిగాడు. "వాని మాట మీద ఇంక ఉమ్మేది గూడా లేదు" అన్నాడు. చెట్లలోకి వెళ్లిపోయాడు. మా పల్లెవాళ్లు ఆయన్ను చూడడం అదే ఆఖరు.

మూడు రోజులు గడిచాయి. తుపాకులు దిగలేదు. ఎందుకు దిగుతాయి? మాట తప్పిన దొరకు ఎవరు తుపాకులు అప్పగిస్తారు? ఏడుగురినీ తాళ్లతో కట్టి స్టేషనుకు నడిపించారు. వెంగయ్యన్నను ఎద్దులబండిలో వేశారు. సుబ్బమ్మ వదినె బిడ్డను ఎత్తుకుని బండి వెనక స్టేషను దారిలో సగం దాకా నడిచి, ఇక నడవలేక కూలబడిందట. విన్నదే చెబుతున్నాను. నేను ఇంట్లోంచి బయటికి రాలేదు.

పటాలం డేరాలు పీకేటప్పుడు జమాదారు మా ఇంటి ముందు ఆగాడు. వాగు దగ్గర నేను అరిచిన మాట అతను విన్నాడు. తెలుగు వచ్చినవాడు. ఏ పేరు ఎవరి నోట వచ్చిందో తెలిసినవాడు.

"తమ్ముడు బాగున్నాడా?" అన్నాడు.

"బాగున్నాడు" అన్నాను.

తలూపి వెళ్లిపోయాడు. వాళ్ల పని అయిపోయింది. దొర మీద మా పల్లెకు అబద్ధం మీద పుట్టిన కోపం ఇంకొకటి ఉంటే అతనికేం?

వెంగయ్యన్న రెండో నెలలో కర్నూలు జైలు ఆసుపత్రిలో చనిపోయాడు. మిగతా ఆరుగురు ఏడాదిన్నరకు వచ్చారు. కాశయ్య మామ శ్రీశైలం వైపు ఎక్కడో జ్వరంతో పోయాడని చాలా రోజులకు కబురు తెలిసింది. ఆయన వెంట పోయినవాళ్లెవరూ పల్లెకు తిరిగి రాలేదు, ఆయన నిజంగా ఏ పేర్లు అడిగాడో చెప్పగలవాడు నేను ఒక్కణ్ణే మిగిలాను. ఆ కబురు విన్ననాడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కింద ఇంకొకటి ఉంది. ఊపిరి తీసుకున్నట్టు. అది కూడా రాయాలి గదా. రాస్తున్నాను.

దొర మాట తప్పాడన్న కథ మా పల్లెలో పాటైంది. కోతలప్పుడు ఆడవాళ్లు పాడేవాళ్లు. అందులో నేను ఉన్నాను, తెల్లగుడ్డ పట్టుకుని తుపాకుల మధ్య నిలబడ్డ మొనగాణ్ణి. ఆ పాట వినిపిస్తే గొర్రెలను ఇంకో దారిన తోలేవాణ్ణి. ఎంత అణకువ, అనేవాళ్లు.

ఆ దొరను నేను వెనకేసుకురావడం లేదు. పదిమందిని పశువుల దొడ్డిలో పెట్టింది అతను. ముగ్గురు అన్న లెక్క అతనిది. మనుషుల్ని ఏరుకోమని చెప్పిన పాపం అతనిది, అతని పైవాళ్లది. తర్వాత మాట నిలబెట్టుకునేవాడో లేదో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేశాను. చేయని తప్పు అతని మీద వేసి, చేసిన తప్పులన్నిటినీ ఆ ఒక్కదాని కింద దాచేశాను. ఇప్పుడు పాటలో దొడ్డి లేదు. మాట తప్పడం ఒక్కటే ఉంది.

నారాయణ నన్ను ఒక్కసారే అడిగాడు. కాశయ్య మామ నా పేరు ఎందుకు చెప్పినాడన్నా, అని. తనకు తెలిసింది జమాదారు చదివిన మాట. ఊరికి తెలిసింది నా మాట. రెండూ కలవక అడిగాడు. ఇద్దరి పేర్లూ చెప్పినాడు, దొర నీ పేరు ఉంచి వెంగయ్యన్న పేరు కొట్టేసినాడు, అన్నాను. వాడు నమ్మాడు. తన పెద్దకొడుకుకు కాశయ్య అని పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్లవాణ్ణి నేను ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే పిలిచాను.

సుబ్బమ్మ వదినె పొలం ప్రతి ఏడూ నేనే దున్నించాను. బిడ్డ పెళ్లికి ముందుండి తిరిగాను. అది ప్రాయశ్చిత్తం అనుకోకండి. భయం. ఆమె ఎదురుగా ఉంటే ఆమెకు ఏమి తెలుసో నాకు తెలుస్తుందని.

పోయిన మార్గశిరంలో నారాయణ పోయాడు. వాడు బతికి ఉన్నంతకాలం, ఈ నిజం చెబితే వాడి బతుకు వాడికి దొంగసొత్తు అవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇక ఆ సాకు లేదు.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపాను. ముందు చదవవలసింది మీరు కాదు అనిపించింది. ఈ పొద్దున కాగితాలు తీసుకుని సుబ్బమ్మ వదినె ఇంటికి పోయాను. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. రాసిందంతా చదివి వినిపించాను. ఎక్కడా ఆపలేదు, ఒక్క మాట దాటవేయలేదు. గుండె మళ్లీ ఆనాడు కొట్టుకున్నట్టే కొట్టుకుంది. డేరా దగ్గరి మాట వచ్చినప్పుడు ఆమె చేతులు ఆగాయి. చివరిదాకా ఆగే ఉన్నాయి.

చదవడం అయ్యాక అడిగింది.

"కాశయ్య ఆయన పేరే ముందు చెప్పినాడా?"

"ముందు ఆ పేరే వదినె."

"ఆ సంగతి ఆయనకు తెలిసిందా మరిదీ?"

నాకు జవాబు తెలుసు. దొడ్డి దగ్గర జమాదారు చదివింది, కాశయ్య అడిగిన ముగ్గురు వీళ్లేనని. తర్వాత ఆ మూడు రోజులూ దొడ్డి దగ్గరికి ఎవరినీ రానియ్యలేదు, ఊళ్లో నేను చెప్పిన మాట జైలుకూ పోలేదు. అయినా ముప్పై ఎనిమిదేళ్లలో, ఇన్ని ప్రశ్నలు వేసుకున్నవాణ్ణి, ఈ ఒక్క ప్రశ్న నేను ఎన్నడూ వేసుకోలేదు.

"ఆయనకు తెలియదు" అన్నాను.

"అయితే కాశయ్య తనను మరిచిపోయినాడనుకునే ఆయన పోయినాడు" అంది సుబ్బమ్మ వదినె.

అంతే. తిట్టలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు. మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది. నేను లేచి నిలబడినా తలెత్తలేదు.

ఇంటికి వచ్చాను. ఆమె చివర అన్న మాట వెంట వచ్చింది, ఇక పోదు. అది నాకు కొత్తగా పడ్డ బరువు, పాతదానికంటే పెద్దది. అయినా ఊపిరి మాత్రం లోపలిదాకా పోతోంది. చాలా ఏళ్ల తర్వాత మధ్యాహ్నం కూర్చుని కడుపునిండా అన్నం తిన్నాను. అందుకు సిగ్గుగా ఉంది. కాని తిన్నాను.